ఉట్టి మీద టమాట: తలకిందుల సాగు ఓరుగల్లు ఎండకు ఆగుతుందా

బకెట్ అడుగున రంధ్రం పెట్టి, టమాట నారును అందులోంచి కిందికి దించి, పైన మట్టి నింపి, బాల్కనీలో కొక్కేనికి తగిలించడం. వీడియోలో చూస్తే రెండు నిమిషాల పని. మొక్క తలకిందులుగా జారుతూ పెరుగుతుంది, ఎర్రటి కాయలు గుత్తులుగా వేలాడుతుంటాయి, కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే ఒళ్లోకే రాలేటట్టు కనిపిస్తాయి. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఇప్పుడు లేస్తున్న అపార్ట్‌మెంట్లలో ఎవరికీ సొంత నేల లేదు, డాబా అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు, ఒకవేళ అక్కడ కుండీలు పెట్టినా కోతులు ఉండనివ్వవు. ఇక మిగిలింది బాల్కనీ, అందులోనూ వాషింగ్ మెషీన్, చెప్పుల స్టాండు, బట్టలారేసే తీగ పోగా మిగిలిన కాస్త గాలి. ఆ గాలిలో టమాట కాస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. 2023 జూలైలో కిలో వంద దాటి, చాలాచోట్ల నూట యాభై కూడా దాటిన రోజులు ఇంకా ఎవరూ మర్చిపోలేదు మరి.

కాస్తుందా అంటే కాస్తుంది. కానీ ఈ పద్ధతి పుట్టింది వేరే వాతావరణంలో, వేరే కష్టాలకు మందుగా. ఆ కష్టాల్లో సగం మనకు లేనేలేవు, మిగతా సగంలో కొన్ని మన దగ్గర ఎదురు తిరుగుతాయి. ఈ సంగతి తెలియకుండా ఏప్రిల్‌లో బకెట్ వేలాడదీసినవాళ్ళు మే నెలకు ఎండిన కాడను చూసి, తమ చేతికి మొక్కలు అచ్చిరావు అనుకుంటారు. తప్పు చేతిది కాదు.

అమెరికాలో 2000ల దశకంలో టాప్సీ టర్వీ అనే వేలాడే సంచి టీవీ ప్రకటనలతో బాగా అమ్ముడుపోయింది. అంతకుముందే ఇళ్లలో పాత బకెట్లతో ఇలా పెంచినవాళ్ళున్నా ఊరూరా తెలిసింది మాత్రం ఆ సంచి వల్లే. దానికి అక్కడ చెప్పిన కారణాలు సబబైనవే. చలికాలం పోయినా నేల చాలా రోజులు చల్లగానే ఉంటుంది, గాలిలో వేలాడే సంచిలో మట్టి త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మొక్క ముందుగా అందుకుంటుంది. రాత్రిళ్ళు మట్టిలోంచి లేచి లేత కాడను మొదట్లోనే కొరికేసే పురుగుకు మొక్క అందదు. కర్ర పాతి కట్టే పని లేదు, కలుపు తీసే పని లేదు. వాన చినుకులకు మట్టి ఎగిరి ఆకుల మీద పడదు కాబట్టి ఆ దారిన వచ్చే మచ్చ తెగులు తగ్గుతుంది.

ఇందులో మొదటి కారణాన్ని మన ఊరికి పెట్టి చూస్తే నవ్వొస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకునే చోట మట్టిని వేడెక్కించడానికి ఏర్పాటు కావాలా? ఇక్కడ తిప్పలంతా మట్టిని చల్లగా ఉంచడానికే. నేలలో ఉన్న వేళ్ళకు చుట్టూ ఉన్న భూమే గొడుగు, పైన 43 డిగ్రీలు కాస్తున్నా జానెడు లోతున అంత వేడి ఉండదు. వేలాడే నల్ల బకెట్‌కు ఆ గొడుగు లేదు, నాలుగు పక్కలా గాలే, ఎండ తగిలిన పక్క మట్టి గాలి కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడిలో వేళ్ళు నీళ్ళు లాగడమే తగ్గించుకుంటాయి. కలుపు, మట్టి చినుకులు, కొరికే పురుగు అన్నవి ఏ కుండీలో పెట్టినా తగ్గేవే, దానికి మొక్కను తలకిందులు చేయనక్కర్లేదు. కర్ర పాతే పని తప్పడం ఒక్కటే నికరంగా మిగిలిన లాభం.

ఇక తరచూ వినిపించే ఇంకో మాట, భూమ్యాకర్షణ వల్ల నీళ్ళు, పోషకాలు వేళ్ళ నుంచి కాయలకు వేగంగా దిగుతాయని. వినడానికి బాగుంది. లెక్కేస్తే నిలబడదు. మొక్కలో నీటిని పైకి లాగేది ఆకులు. ఆకుల్లోంచి ఆవిరి పోతుంటే, దాని వెనక సన్నటి గొట్టాల్లో నీటి తీగ మొత్తం లాక్కుని వస్తుంది, స్ట్రాతో కొబ్బరినీళ్ళు పీల్చినట్టు. ఎండ మంచిగా ఉన్నప్పుడు ఆకు లాగే బలం గాలి పీడనానికి ఐదు రెట్ల నుంచి పది రెట్ల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మీటరు ఎత్తున్న నీటి బరువు వల్ల వచ్చే తేడా మాత్రం గాలి పీడనంలో పదో వంతు. అంటే మొక్కను తలకిందులు చేసి మనం చేసే సాయం, ఎడ్లు లాగుతున్న బండిని చిటికెన వేలితో నెట్టినంత. పైగా పోషకాలు, ముఖ్యంగా ఆకుల్లో తయారైన చక్కెర, బరువును బట్టి దిగదు, ఎక్కడ అవసరముంటే అక్కడికి వెళ్తుంది.

మొక్కకు ఈ సాయం అక్కర్లేదన్న సంగతి అది మొదటి రోజే చెప్పేస్తుంది. తలకిందులుగా దించిన నారు కొన్ని గంటల్లోనే మెడ తిప్పడం మొదలుపెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో కాడ గాలం ముల్లులా వంగి చిగురు ఆకాశం వైపు చూస్తుంటుంది. వెలుతురు కోసం అలా తిరిగిందని చాలామంది అనుకుంటారు, వెలుతురు పాత్ర కూడా ఉంది కానీ చీకటి గదిలో పెట్టినా మొక్క పైకే తిరుగుతుంది. కాడలోని కొన్ని కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. మొక్కను ఎటు తిప్పితే అటు కిందివైపుకు అవి జారి పేరుకుంటాయి, కింద ఎటో మొక్కకు తెలిసేది అలాగే. దాన్ని బట్టి ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను కిందివైపు ఎక్కువగా చేరుతుంది. కాడలో ఆక్సిన్ ఎక్కువైన పక్క త్వరగా సాగుతుంది కాబట్టి కాడ పైకి వంగుతుంది. వేరులో అదే ఆక్సిన్ ఎక్కువైతే పెరుగుదల నెమ్మదిస్తుంది, అందుకని వేరు కిందికి వంగుతుంది. 1806లో థామస్ ఆండ్రూ నైట్ అనే ఇంగ్లండ్ తోటమాలి గింజలను తిరిగే చక్రానికి కట్టి మొలకెత్తించాడు, వేళ్ళన్నీ చక్రం బయటివైపుకు, మొలకలన్నీ ఇరుసు వైపుకు పెరిగాయి. మొక్క చూసేది ఆకాశాన్ని కాదు, తన మీద పనిచేసే బలాన్ని అని అప్పుడే తేలిపోయింది.

కాబట్టి వీడియోలో కనిపించే తిన్నగా కిందికి జారిన మొక్క, మొక్క ఇష్టపడి పెరిగిన తీరు కాదు. అది పైకి లేవడానికి చూసింది, కాడ బరువెక్కింది, కాయలు పడ్డాయి, ఓడిపోయి వంగింది. ఆ వంపు దగ్గరే అసలు ప్రమాదం ఉంది. లేతగా ఉన్నప్పుడు వంగిన చోట కాడ ముదిరి గట్టిపడితే పర్వాలేదు. ఈలోపు ఒక గాలిదుమారం వచ్చిందా, బకెట్ ఊగి, రంధ్రం అంచు కాడను కోస్తుంది. అందుకే రంధ్రం దగ్గర స్పాంజి ముక్కో, పాత జంపఖానా ముక్కో మెత్తగా చుట్టాలి. మట్టి జారకుండా ఉండడం ఒక కారణమైతే, కాడ ఒరుసుకోకుండా ఉండడం రెండోది, ఇదే పెద్దది.

ఎవరూ పెద్దగా పట్టించుకోనిది బకెట్ లోపలి సంగతి. మామూలు కుండీలో మొక్క మొదలు పైన ఉంటుంది, వేళ్ళు కింద ఉన్న మట్టినంతా వెతుక్కుంటూ దిగుతాయి. నీళ్ళు పోస్తే పై నుంచి కిందికి జారి అడుగున కాసేపు నిలుస్తాయి, ఏ కుండీలోనైనా అడుగున ఒక పొర మిగతా మట్టి కన్నా తడిగా ఉంటుంది. వేళ్ళు, తడి రెండూ ఒక చోటే కలుస్తాయి. తలకిందుల బకెట్‌లో మొక్క మొదలే అడుగున ఉంది. వేళ్ళకు కిందికి పోవడానికి చోటు లేదు. పక్క వేళ్ళు అడ్డంగా పాకుతాయి, తడి ఉన్న వైపు కొంత పైకి కూడా పోతాయి కానీ మొక్క సగం బలం ఆ కింది పొరలోనే ఇరుక్కుంటుంది. పై మట్టి ఎండకు తగిలి ముందు ఎండిపోతుంది, దాన్ని వాడుకునే వేళ్ళు తక్కువ. కింద మొదలు దగ్గర మాత్రం ఎప్పుడూ చెమ్మ. పైన ఎడారి, కింద చిత్తడి, మధ్యలో వేళ్ళు. నీళ్ళు తక్కువ పోస్తే మొక్క వాడుతుంది, ఎక్కువ పోస్తే మొదలు కుళ్ళుతుంది, ఎంత పోయాలో తెలియడానికి మట్టిలో వేలు పెట్టి చూద్దామంటే వేలికి తగిలేది పైపొరే, అది ఎప్పుడూ పొడిగానే ఉంటుంది! చాలా బకెట్లు అతిగా పోసిన నీళ్ళతోనే చస్తాయి. కొక్కెం మీద బకెట్‌ను ఒకసారి ఎత్తి బరువు చూడడమే నమ్మకమైన పరీక్ష.

దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. నారు నాటగానే తలకిందులు చేయకూడదు. అడుగు రంధ్రంలోంచి నారు పెట్టి, రంధ్రం పైకి వచ్చేలా బకెట్‌ను మూతతో బోర్లించి, రెండు మూడు వారాలు నేల మీదే ఉంచాలి. అప్పుడు వేళ్ళు తమ అలవాటు ప్రకారం దిగుతాయి, అంటే రేపు పై మట్టి అయ్యే చోటికి. కాడ కూడా ముదురుతుంది. ఆ తర్వాత తిప్పి తగిలిస్తే వేళ్ళు అప్పటికే బకెట్ అంతా పరుచుకుని ఉంటాయి. టమాటకు ఇంకో సుగుణం, మట్టిలో పూడ్చిన కాడకు కూడా వేళ్ళు పుడతాయి. అందుకని నారును పై నాలుగు ఆకులు మాత్రం బయటికి వదిలి మిగతా కాడను లోపలికి పెట్టేయొచ్చు. ఆ లోపలి కాడకు అంటుకుని ఉన్న ఆకులను ముందే తుంచాలి.

నీటి లెక్క ఇంకాస్త చూడాలి. పది లీటర్ల బకెట్‌లో ఎర్రమట్టి, పెంట ఎరువు, కొబ్బరి పీచు పొడి కలిపి నింపితే మొక్క తాగగలిగే నీళ్ళు మహా అయితే రెండు మూడు లీటర్లు నిలుస్తాయి. కాపు మీద ఉన్న టమాట ఎండ కాలంలో ఒక్క రోజులో అంత తాగేస్తుంది. పొద్దున పోస్తే సాయంత్రానికి ఖాళీ. రెండు పూటలా పోయాలి, ఒక్క రోజు ఊరెళ్తే అంతే. ఇలా ఒకసారి ఎండి ఒకసారి తడిసే మొక్కలో కాయ అడుగుభాగం నల్లగా, తోలులా కుళ్ళుతుంది. అది పురుగు కాదు, రోగం కాదు. కాయకు కాల్షియం నీటితోపాటే చేరుతుంది, నీటి సరఫరా తెగినప్పుడల్లా ఆ పంపకం ఆగిపోతుంది. కోడిగుడ్డు పెంకులు నూరి పోయడం వల్ల దీనికి వెంటనే ఒరిగేదేమీ లేదు, నీళ్ళు సమంగా ఇవ్వడమే మందు.

పోసిన నీళ్ళు ఎటు పోతాయన్నది ఇంకో తగాదా. అడుగు రంధ్రం గుండా ఎర్రటి నీళ్ళు కాడ మీదుగా, ఆకుల మీదుగా కారి, కింది అంతస్తు వాళ్ళు ఆరేసిన తెల్ల చొక్కా మీద పడతాయి. ఆకులు రోజూ తడిస్తే మచ్చ తెగులు వస్తుంది. అంటే మట్టి చినుకుల బాధ తప్పిందని సంతోషించిన చోటే మట్టి నీళ్ళ బాధ మొదలైందన్నమాట.

ఎండ సంగతి చెప్పుకుంటే ఈ పద్ధతి మన ఊరికి ఎప్పుడు పనికొస్తుందో దానికదే తేలుతుంది. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖరులో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మధ్య రోజుల్లోనూ దాదాపు అక్కడే. న్యూయార్క్‌లో జూన్ నెలలో కూడా 73 డిగ్రీలు దాటి ఎక్కడు, ఎప్పుడూ దక్షిణం పక్కనే కాస్త వాలి ఉంటాడు కాబట్టి వేలాడే సంచి నీడ మొక్క మీద కాకుండా పక్కన పడుతుంది. మన దగ్గర వేసవి మధ్యాహ్నం బకెట్ నీడ మొక్క నడిమి మీదే పడుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీ అయితే ఆ మాట కూడా అనవసరం, పైన శ్లాబు ఉంటుంది, నడినెత్తి సూర్యుడు లోపలికి రానే రాడు. వేడి మాత్రం వస్తుంది. టమాటకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి, దొరికేది ఎండ లేని ఉడుకు.

డిసెంబర్‌లో అదే బాల్కనీ చూడండి. మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో దక్షిణాన ఉంటాడు. దక్షిణం వైపు బాల్కనీలోకి ఏటవాలుగా లోపలి గోడ దాకా ఎండ పడుతుంది, వేలాడే మొక్కకు పక్కనుంచి నిండుగా తగులుతుంది. పగలు 30 డిగ్రీల లోపు, రాత్రి 15 నుంచి 18 మధ్య, టమాట అడిగి తెచ్చుకున్నట్టు ఉండే వాతావరణం. పగలు 35, రాత్రి 24 దాటితే టమాట పుప్పొడి చచ్చుబడుతుంది, పూలు పూసినట్టే పూసి కాడతో సహా రాలిపోతాయి. ఎలాగోలా నిలిచిన కాయ కూడా ఎర్రబడదు, ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ వేడిలో సరిగా తయారు కాదు కాబట్టి పసుపు నారింజ మధ్య ఆగిపోతుంది. అందుకే వినాయక చవితి ప్రాంతంలో నారు పోసి, బతుకమ్మ అయిపోయి దసరా దాటాక బకెట్‌లో నాటి, దీపావళి ప్రాంతంలో తిప్పి తగిలిస్తే సంక్రాంతి నుంచి కాయ దిగుతుంది.

ఇక్కడే ఒక వెక్కిరింత ఉంది. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా టమాట ధర చాలా ఏళ్ళు నేలకు దిగి ఉంటుంది, గిట్టుబాటు కాక రైతులు రోడ్డు మీద పారబోసిన వార్తలు వచ్చేది కూడా ఎక్కువగా ఆ తర్వాతి నెలల్లోనే. ధర మండేది జూన్, జూలైల్లో. ఎందుకు మండుతుంది? ఏప్రిల్, మేల్లో పొలాల్లో పూలు వేడికి రాలి, కాయ నిలవక, ఉన్నదానికి ఆకుముడత పట్టి, మొదటి వానలకు తోట పాడై, సరుకు తగ్గుతుంది కాబట్టి. ఆ వేడే బాల్కనీలో బకెట్ పూలనూ రాలుస్తుంది. మార్కెట్‌లో టమాట లేనప్పుడు ఇంట్లో కాస్తుందన్న ఆశ ఒక్కటి ముందే వదులుకుంటే మంచిది. ఒక బకెట్ మొక్క సీజన్ మొత్తంలో కిలో, రెండు కిలోలు ఇస్తే బాగా కాసినట్టే. అది కూరకు కాదు, పచ్చడికీ కాదు, చెట్టు మీద పండిన టమాట రుచి కోసం. ఆ రుచి నిజమే, మార్కెట్ టమాట రంగు తిరగకముందే తెంపి పెట్టెకెక్కినది కదా.

బరువు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. పది లీటర్ల బకెట్‌లో ఉత్త ఎర్రమట్టి నింపితే తడిసినప్పుడు 16, 17 కిలోలు తూగుతుంది. పీచు పొడి సగం కలిపితే 11, 12కు దిగుతుంది. పైన మొక్క, కాయలు, గాలి ఊపు. శ్లాబు పోసేటప్పుడే వదిలిన ఇనుప కొక్కెం దీన్ని మోస్తుంది, డ్రిల్ కొట్టి ప్లాస్టిక్ ముక్కలో బిగించిన స్క్రూను నమ్మి మూడో అంతస్తు రెయిలింగ్ బయట తగిలించడం మాత్రం కింద నడిచేవాళ్ళ అదృష్టం మీద ఆధారపడడమే. మన ఇళ్లలో పెరుగు కుండ దాచిన ఉట్టి దూలానికి ఎందుకు కట్టేవాళ్ళో, ఇదీ అంతే.

ఉట్టి అంటే పిల్లికి అందకుండా. మరి కోతికి? గ్రిల్ లేని బాల్కనీలో ఏ ఎత్తూ దానికి ఎత్తు కాదు. బకెట్ పట్టుకుని రెండు ఊపులు ఊగి, పచ్చికాయలు కూడా తెంపి, కొరికి, నచ్చలేదని పారేసి పోతుంది. నేల మీది కుండీలో కాయలే పోతాయి, వేలాడే బకెట్‌లో మెడ విరిగి మొక్కే పోతుంది. గ్రిల్ ఉన్న బాల్కనీకే ఈ సరదా. తెల్లదోమ సంగతి కూడా అంతే, రెక్కలున్న పురుగుకు నిచ్చెన అక్కర్లేదు. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే, మొక్క నిలువుగా ఉన్నా తలకిందులుగా ఉన్నా దానికి తేడా లేదు. పసుపు జిగురు అట్ట ఒకటి పక్కన కట్టడం, ముడుచుకున్న మొక్కను జాలిపడకుండా పీకేయడం తప్ప ఇంట్లో చేయగలిగింది పెద్దగా లేదు.

రకం ఎంచుకోవడంలో పొరపాటు చేస్తే ఇవన్నీ చూసుకున్నా ఫలితం ఉండదు. ఆగకుండా ఆరేడు అడుగులు సాగే రకాలు, పావు కిలో కాయలు కాసే రకాలు వేలాడదీయడానికి కావు. చెర్రీ టమాటలు మేలు, కాయ చిన్నది కాబట్టి కాడకు బరువు తక్కువ, వేడికీ కాస్త ఎక్కువ తట్టుకుంటాయి. చెర్రీ వద్దనుకుంటే పొట్టిగా, గుబురుగా పెరిగే రకం చూసుకోవాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ ఆకుముడత, ఎండు తెగులు, మచ్చ తెగులు మూడింటినీ తట్టుకునేలా తయారైంది, కాయ బరువే కానీ నిలువు కుండీలో మంచి మొక్క.

నిలువు కుండీ అన్నాం కాబట్టి అసలు మాట. వేలాడదీయడం, తలకిందులు చేయడం రెండూ వేర్వేరు పనులు. స్థలం మిగిల్చేది మొదటిది, మొక్కను తిప్పలు పెట్టేది రెండోది. బుట్టలో మొక్కను మామూలుగా పైకి నాటి, అంచు మీదుగా కిందికి జారనిస్తే కర్ర పని ఎలాగూ ఉండదు, వేళ్ళు కిందికే పోతాయి, తడి వేళ్ళ దగ్గరే ఉంటుంది, బుట్ట నీడ ఆకుల మీద పడదు, పైన ఆకులే మట్టికి గొడుగు అవుతాయి, కింద పళ్ళెం తగిలిస్తే చొక్కాల తగాదా కూడా తీరుతుంది. చల్లటి దేశాల్లో వేలాడే బుట్టల కోసమని టంబ్లింగ్ టామ్ లాంటి జారుడు చెర్రీ రకాలు తయారుచేసింది ఇలా నిలువుగా నాటి జారవిడవడానికే. తలకిందుల బకెట్‌తో పోలిస్తే ఫొటోలో తక్కువ అందం, అంతే. అదే బుట్టలో మిరప కూడా బాగా వస్తుంది. అన్నట్టు వరంగల్ అంగట్లో టమాట మిర్చి అని అడిగితే చేతిలో పెట్టేది 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చపాట మిరప.

అయినా తలకిందులే కావాలనిపిస్తే, పిల్లలకు మొక్క మెడ తిప్పడం చూపించడానికైనా ఒకటి పెట్టుకోవచ్చు. తెల్ల పెయింట్ డబ్బా తీసుకోవాలి, నల్లది వద్దు. అడుగున రెండంగుళాల రంధ్రం, పైన మూతకు నాలుగు రంధ్రాలు, మట్టి పైన రెండు వేళ్ళ మందం ఎండుటాకులు లేదా కొబ్బరి పీచు. నీళ్ళు ఒక్కసారి గుమ్మరించకుండా, మూతకు చిన్న బొక్క పెట్టిన లీటరు సీసాను బోర్లించి మట్టిలో గుచ్చితే నెమ్మదిగా దిగుతాయి. పది రోజులకోసారి వర్మి కంపోస్ట్ నానబెట్టిన నీళ్ళు పలచగా పోయాలి, ఇంత చిన్న మట్టిలో బలం త్వరగా అయిపోతుంది. పూత మీద ఉన్నప్పుడు పొద్దున తొమ్మిది, పది గంటలకు కాడను వేలితో మెల్లగా తడితే పుప్పొడి రాలి కాయ నిలుస్తుంది, పై అంతస్తుల్లో తేనెటీగలు అంతగా తిరగవు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, ఆ తర్వాత వచ్చే పూతను నమ్ముకోకుండా ఉన్న కాయలు పండే దాకా ఆగి, ఉగాది లోపు బకెట్ దించేసి మట్టిని ఎండకు ఆరబోసుకోవాలి.